భుజం ఏసీ జాయింట్ ఊడితే: స్లింగ్‌తో ఆగాలా, ఆపరేషన్‌కు వెళ్లాలా?

వానకు తడిసిన రోడ్డు మీద బండి జారి, చెయ్యి ఆనించే లోపే భుజం నేరుగా నేలకు కొట్టుకుంటుంది. లేచి తడుముకుంటే కాలర్ బోన్ చివర ఒక బొడిపె. ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఎముక విరగలేదు, ఏసీ జాయింట్ ఊడింది, గ్రేడ్ త్రీ" అంటారు. కాలర్ బోన్ చివర రెక్క ఎముకను కలిసే కీలే ఈ ఏసీ జాయింట్. ఇక అక్కణ్ణుంచి అయోమయం మొదలు. ఒక ఆసుపత్రిలో రేపే ఆపరేషన్ పెట్టుకుందామంటారు. ఇంకోచోట మూడు వారాలు చేతికి పట్టీ (స్లింగ్) వేసుకుంటే చాలంటారు. ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామంటారు.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఈ దెబ్బను డాక్టర్లు ఆరు రకాలుగా (గ్రేడ్లుగా) విడదీస్తారు, వివరాలు కింద ఉన్నాయి. మొదటి రెండు రకాలకు ఆపరేషన్ మాటే అక్కర్లేదు. మూడో రకంలో చాలామంది తొందరపడకుండా ఆరు నుంచి పన్నెండు వారాలు సరైన ఫిజియోథెరపీ చేసి, ఆ తర్వాత నిర్ణయించుకోవడం మంచిది. నాలుగు, ఐదు, ఆరు రకాల్లో మాత్రం మొదటి వారంలోనే భుజం సర్జన్‌ను కలవాలి. అద్దంలో కనిపించే బొడిపె ఎంత ఎత్తుందన్నది ఒక్కటే చూసి ఎటూ తేల్చకండి.

ముందు, ఏ కీలు?

మన దగ్గర "గూడ జారింది" అంటే ఎక్కువగా చేతి ఎముక పైనున్న బంతి, గిన్నెలోంచి జారడం. 2021 మార్చిలో పూణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో డైవ్ చేసి శ్రేయస్ అయ్యర్ ఎడమ భుజానికి తెచ్చుకున్న దెబ్బ ఆ కీలుదే. బంతి పూర్తిగా బయటికొస్తే మత్తిచ్చి వెనక్కి ఎక్కిస్తారు, ఎక్కితే నిలుస్తుంది.

ఏసీ జాయింట్ దానికి పైన ఉంటుంది. మెడ కింది గుంట దగ్గర వేలు పెట్టి కాలర్ బోన్ వెంబడి బయటికి తడుముకుంటూ వెళ్లండి. ఎముక అయిపోయేచోట, రెక్క ఎముక పైకొనకు అది ఆనుకునేచోట చిన్న మెట్టులాంటిది తగులుతుంది. అదే. అక్కడ రెండు జట్ల లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) పనిచేస్తాయి. కీలు చుట్టూ ఉన్నవి ఎముక ముందుకూ వెనక్కూ కదలకుండా చూస్తాయి. కాస్త లోపలగా, రెక్క ఎముకకే ఉండే కొరకాయిడ్ అనే కొక్కెం నుంచి కాలర్ బోన్ దాకా రెండు గట్టి పట్టీలు ఉంటాయి. చేతి బరువు మోసేది ఈ రెండో జట్టే. అది తెగితే చేతి బరువుకు భుజం కిందికి దిగుతుంది. కాలర్ బోన్ పైకి లేచినట్టు కనిపిస్తుంది గానీ చాలావరకు ఎముక ఉన్నచోటే ఉంటుంది, దిగింది భుజం.

బొడిపెను వేలితో నొక్కితే హార్మోనియం మెట్టులా దిగుతుంది, వేలు తీస్తే మళ్లీ పైకొస్తుంది. పట్టి ఉంచే లిగమెంట్ తెగిపోయాక ఎంత నేర్పుగా నొక్కి కూర్చోబెట్టినా, చెయ్యి వదిలేస్తే తిరిగి అదే స్థితి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే కింద చెప్పబోయే సగం ఎంపికలు వాటంతటవే తేలిపోతాయి.

కొన్ని లక్షణాలుంటే పోలికలన్నీ పక్కన పెట్టి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి: చెయ్యి చల్లబడడం, పాలిపోవడం, వేళ్లు మొద్దుబారడం, ఊపిరి ఆడకపోవడం, బొడిపె మీది చర్మం తెల్లగా బిగుసుకుపోవడం, గాయం తెరుచుకోవడం, తలకో మెడకో దెబ్బ తగలడం.

రకం తేల్చుకోవడం

ఇప్పటికీ డాక్టర్లు వాడేది 1984 నాటి రాక్‌వుడ్ వర్గీకరణ. మొదటి రకంలో కీలు లిగమెంట్ సాగుతుంది, తెగదు. రెండో రకంలో కీలు లిగమెంట్ తెగుతుంది, కొరకాయిడ్ పట్టీలు మాత్రం సాగి నిలబడతాయి. మూడో రకంలో రెండు జట్లూ తెగుతాయి. కొరకాయిడ్‌కూ కాలర్ బోన్‌కూ మధ్య దూరం బాగున్న భుజంతో పోలిస్తే 25 నుంచి 100 శాతం దాకా పెరుగుతుంది. నాలుగో రకంలో కాలర్ బోన్ చివర వెనక్కి వెళ్లి మెడ కండరంలో గుచ్చుకుంటుంది. ఐదో రకంలో ఆ దూరం 100 నుంచి 300 శాతం దాకా పెరుగుతుంది, పైనున్న కండరాల అతుకు కూడా చిరుగుతుంది. ఆరో రకంలో ఎముక కొరకాయిడ్ కిందికి దూరుతుంది. అది చాలా అరుదు.

ఇక్కడ ఎక్స్‌రే సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. ఒక్క భుజాన్ని ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేతో రకం తేల్చేస్తే ఒప్పుకోవద్దు. రెండు భుజాలూ ఒకే ఫిల్మ్‌లో పడాలి, లేకపోతే ఆ శాతాలు దేనితో పోల్చి లెక్కకడతారు? కిరణాన్ని 10 నుంచి 15 డిగ్రీలు పైకి వంచి తీసే జాంకా వ్యూ కీలును తేటగా చూపిస్తుంది. చంక వైపు నుంచి తీసే ఆక్సిలరీ వ్యూ లేకపోతే నాలుగో రకం తప్పిపోతుంది. ముందు నుంచి చూస్తే అది రెండో రకంలాగో మూడో రకంలాగో కనిపించి మోసం చేస్తుంది. వెనక్కి పోయిన ఎముకను స్లింగ్‌తో వదిలేస్తే నెలల తరబడి నొప్పి మిగలొచ్చు. చేతికి బరువులు కట్టి తీసే పాత పద్ధతి ఎక్స్‌రే వల్ల కొత్తగా తేలేది తక్కువ, నొప్పి ఎక్కువ.

ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. నలభై దాటినవాళ్లకు దెబ్బ తర్వాత చెయ్యి పక్కకు లేపే బలమే లేకపోతే, లోపల భుజాన్ని లేపి తిప్పే రొటేటర్ కఫ్ కండరం కూడా చిరిగిందేమోనని తీయించడంలో అర్థముంది. రెండో రకానికి "ఎందుకైనా మంచిది" అని తీయించేది డబ్బు దండగ. ఇక పదమూడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో చూడ్డానికి ఏసీ జాయింట్ ఊడినట్టే ఉన్నా, చాలాసార్లు ఎముక తన పైపొరలోంచి బయటికొచ్చి ఉంటుంది. అది కొత్త ఎముక పోసుకుని దానంతటదే సర్దుకుంటుంది. పిల్లల విషయంలో ఆపరేషన్ మాట వినపడితే రెండో అభిప్రాయం తప్పనిసరి.

అసలు పేచీ మూడో రకంతోనే

1, 2 రకాలకు స్లింగ్, 4, 5, 6 రకాలకు సాధారణంగా ఆపరేషన్. ఇందులో డాక్టర్ల మధ్య పెద్ద తగాదా లేదు. మూడో రకం మీదే దశాబ్దాలుగా వాదన నడుస్తోంది.

కెనడాలో పలు ఆసుపత్రులు కలిసి 83 మంది మీద చేసిన పరీక్ష 2015లో అచ్చయింది. మూడు నుంచి ఐదో రకం దాకా దెబ్బతిన్నవాళ్లలో కొందరికి ఆపరేషన్ చేసి హుక్ ప్లేట్ (ఎముకను దించి పట్టే, కొక్కెమున్న లోహపు పట్టీ) వేశారు, మిగిలినవాళ్లను స్లింగ్, వ్యాయామాలతో వదిలారు. ఆరు వారాలకు, మూడు నెలలకు చూస్తే చెయ్యి బాగా వాడుకోగలిగింది కోయించుకోనివాళ్లే. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా రెండు గుంపుల మధ్యా తేడా లేదు. ఎక్స్‌రేలో మాత్రం ప్లేట్ వేసినవాళ్ల ఎముకలు చక్కగా కూర్చున్నాయి. ప్లేట్ పాత పద్ధతి కదా, కొత్త పద్ధతుల సంగతేమిటని అడగొచ్చు. ఎడింబరాలో 60 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో దారం, బటన్ పద్ధతిని (ఎముకను గట్టి దారంతో, లోహపు బటన్లతో బిగించే ఆపరేషన్‌ను) స్లింగ్‌తో పోల్చారు. ఏడాది తిరిగేసరికి అక్కడా చేతి పనితనంలో తేడా రాలేదు.

దీన్నిబట్టి ఆపరేషన్ పనికిరాదని కాదు. స్లింగ్‌తో ఆగినవాళ్లలో కొందరికి నొప్పి తగ్గక తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఎవరికి అవసరమవుతుందో మొదటి రోజునే చెప్పడం కష్టం. అందుకే 2014లో ఐసాకోస్ అనే అంతర్జాతీయ సంఘం నిపుణులు మూడో రకాన్ని రెండుగా విడగొట్టారు. మూడు నుంచి ఆరు వారాలు ఫిజియో చేశాక రెక్క ఎముక సాఫీగా కదులుతూ, చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చినప్పుడు కాలర్ బోన్ దాని మీదికి ఎక్కకుండా ఉంటే అది స్థిరమైన రకం, అలాగే కొనసాగించవచ్చు. నొప్పి తగ్గక, రెక్క ఎముక వెనక నుంచి లేచినట్టు కదులుతుంటే అస్థిరమైన రకం, ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

ఆగడానికి కూడా ఒక మూల్యం ఉంది, దాచకూడదు. దెబ్బ తగిలిన మూడు వారాల లోపు అయితే తెగిన లిగమెంట్ల అంచులు తాజాగా ఉంటాయి. ఎముకను దించి పట్టి ఉంచితే చాలు, అవి అతుక్కుంటాయి. ఆ తర్వాత చేయాలంటే చాలాసార్లు తొడ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తీసి కొత్త లిగమెంటుగా పెట్టాలి. అంటే ఇంకోచోట కోత, ఇంకాస్త పెద్ద ఆపరేషన్. అయినా మూడో రకంలో ఎక్కువమందికి ఆ అవసరమే రాదు కాబట్టి ఆగడమే తెలివైన పందెం అని నా లెక్క.

ఈ లెక్క తప్పేది ఎవరికి? తల పైకి చేతులెత్తి పనిచేసేవాళ్లకు. సెంట్రింగ్ పని, పెయింటింగ్, సీలింగ్ పని చేసేవాళ్లు, జావెలిన్ విసిరేవాళ్లు, ఫాస్ట్ బౌలర్లు, మూటలు భుజానికెత్తుకునే హమాలీలు. వీళ్లు మొదటి వారంలోనే సర్జన్‌తో మాట్లాడి, ముందే కోయించుకోవడం మేలా కాదా అని తూచుకోవాలి. అలాగని ఆటగాళ్లంతా ఆపరేషన్ బల్ల ఎక్కాలని కాదు. కబడ్డీ ఆడేవాడికి మళ్లీ అదే భుజం మీద పడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆపరేషన్ చేసిన భుజం మీద పడితే పెట్టిన సామాను ఊడిందనో, ఎముక విరిగిందనో రెండో గొడవ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, టీచరుకు, కొట్టులో కూర్చునేవాళ్లకు మూడో రకంలో నేనైతే స్లింగే చెబుతాను. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు కోత దగ్గర ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ. కట్టు ఎక్కువ రోజులుంచితే భుజం బిగుసుకుపోయే బెడదా వాళ్లకే ఎక్కువ. కాబట్టి వాళ్లు ఏ దారి ఎంచుకున్నా కదలికలు త్వరగా మొదలుపెట్టాలి.

బొడిపె అందం కోసం ఆపరేషన్ అడిగేవాళ్లూ ఉంటారు. బొడిపె పోయినచోట కోత మచ్చ వస్తుంది, పైగా నెలలు గడిచాక దారం సాగి ఎముక కొంత మళ్లీ లేవడం కూడా కొత్తేమీ కాదు. చీర కట్టుకునే, బ్యాగు పట్టీ వేసుకునే భుజానికి రోజూ ఒరుసుకుని బాధ పెడుతుంటే అది వేరే సంగతి.

స్లింగా, బ్రేసా, కట్టా?

మెడికల్ షాపులో అడిగితే మూడు రకాలు చూపిస్తారు. మామూలు ఆర్మ్ స్లింగ్, రెండు భుజాల చుట్టూ ఎనిమిది అంకెలా తిరిగే క్లావికల్ బ్రేస్, బొడిపెను పైనుంచి నొక్కి పట్టే పట్టీ. ఎనిమిది అంకె బ్రేస్ కాలర్ బోన్ మధ్యలో విరిగినప్పటిది, దీనికి కాదు. నొక్కే పట్టీ కాగితం మీద బాగుంటుంది గానీ, ఎముక దిగి ఉండాలంటే వారాలపాటు పగలూ రాత్రీ తీయకుండా గట్టిగా వేసుకోవాలి. మన ఎండల్లో ఆ చెమటకు చర్మం ఒరిసిపోయి పుండ్లు పడతాయి. ఇంతా చేసి మామూలు స్లింగ్ కంటే ఎక్కువ మేలు జరుగుతుందని రుజువు లేదు. తక్కువ ధరదే తీసుకోండి.

వేసుకునే తీరు మాత్రం ముఖ్యం. మోచేయి స్లింగ్ మూలలోకి పూర్తిగా కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మణికట్టు బయటికి వేలాడకుండా మోచేయి కంటే ఒక అంగుళం ఎత్తులో ఉండాలి. మెడ పట్టీ బాగున్న భుజం మీదికి రావాలి, ముడి మెడ వెనక ఎముక మీద పడకుండా పక్కకు జరపాలి. సరిగ్గా వేస్తే చేతి బరువు భుజం మీంచి దిగిపోయినట్టు ఆ క్షణంలోనే తెలుస్తుంది. తెలియలేదంటే పట్టీ వదులుగా ఉన్నట్టే. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ముందు బొత్తాలున్నవే వేసుకోండి, టీషర్టులు కొన్నాళ్లు బీరువాలో ఉండనివ్వండి. రాత్రి వెల్లకిలా, వీపు కాస్త ఎత్తుగా పెట్టి, మోచేయి కింద దిండు ఉంచుకుంటే నిద్ర పడుతుంది.

మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున. నొప్పికి ముందు పారాసెటమాల్. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బాగానే పనిచేస్తాయి గానీ అల్సర్, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

పుత్తూరు కట్టు మాట. తరతరాలుగా ఎందరికో ఎముకలు కట్టిన పేరు దానికుంది, దాన్ని తీసిపారేయను. కానీ పైన చెప్పిన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ కట్టాల్సిన విరుపు లేదు. మొదటి మూడు రకాల్లో ఆ కట్టు చేసే పని, చేతికి విశ్రాంతినివ్వడం, స్లింగ్ కూడా చేస్తుంది. నాలుగో రకంలో ఏ కట్టూ పనిచేయదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది: ఎక్స్‌రే లేకుండా కట్టేస్తే రకం తెలియకుండానే ఆ మూడు వారాల గడువు దాటిపోతుంది. బిగించిన కట్టు వారాల తరబడి ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. పెద్దవాళ్ల మాట కాదనలేకపోతే ముందు సరైన ఎక్స్‌రేలు తీయించుకుని, అవి పట్టుకుని వెళ్లండి. నూనె రాసి గట్టిగా మర్దన చేయడం మాత్రం తొలి వారాల్లో ఎవరి చేతా వద్దు.

ఆపరేషనే అయితే ఏది?

హుక్ ప్లేట్: కాలర్ బోన్ మీద స్క్రూలతో బిగించి, దాని కొక్కేన్ని రెక్క ఎముక పైకొన కిందికి తోస్తారు. బలంగా పడుతుంది, చాలామంది సర్జన్లకు చెయ్యి తిరిగిన పని. కానీ ఆ కొక్కెం పై ఎముకను అరగదీస్తుంది, అందుకే కొన్ని నెలలకు ప్లేట్ తప్పనిసరిగా తీయాలి. అంటే రెండు ఆపరేషన్లు, రెండుసార్లు మత్తు. ప్లేట్ ఉన్నన్నాళ్లు చెయ్యి భుజం ఎత్తుకు మించి లేపడం మీద ఆంక్షలుంటాయి.

దారం, బటన్ పద్ధతి: కాలర్ బోన్‌కూ కొరకాయిడ్‌కూ సన్నని రంధ్రాలు చేసి, గట్టి దారాన్ని రెండు లోహపు బటన్లతో బిగిస్తారు. ఆర్త్రోస్కోపీతోనూ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి) చేయవచ్చు. మామూలుగా తీయాల్సిన పని లేదు. సామాను ఖరీదు ఎక్కువ, రంధ్రం దగ్గర ఎముక విరిగే ప్రమాదం కొంత ఉంటుంది, సర్జన్‌కు అలవాటు ఉండి తీరాలి. కొత్త దెబ్బకు రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే, అలవాటున్న చెయ్యి దొరికితే నేను దీనివైపే ఉంటాను. ఆ పని అరుదుగా చేసే డాక్టరు దగ్గరైతే ఆయనకు బాగా వచ్చిన ప్లేటే నయం.

పాత దెబ్బకు స్నాయువు గ్రాఫ్టు (లిగమెంట్ బదులు అతికే స్నాయువు ముక్క), తరచూ దారంతో కలిపి. ఇక కీలు గుండా ఉత్త తీగలు గుచ్చి వదిలేసే పద్ధతిని ఎవరైనా చవగ్గా అవుతుందని చెబితే లేచి వచ్చేయండి. ఆ తీగలు విరిగి, కదిలి, ఛాతీలోకి వెళ్లిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర అడగాల్సినవి: చెప్పిన మొత్తంలో సామాను ధర కలిసిందా, ఏ కంపెనీది, ప్లేటైతే తీసే ఆపరేషన్ ఖర్చు ఎంత, దాన్ని బీమా కంపెనీ మళ్లీ ఇస్తుందా. నోటిమాట కాకుండా కాగితం మీద రాయించుకోండి. ఆరోగ్యశ్రీలో గానీ ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ మీ దెబ్బ ప్యాకేజీలో ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రను అడగాలి.

ఎన్నాళ్లకు ఏం చేయొచ్చు

మొదటి రకానికి స్లింగ్ వారం లోపే తీసేయొచ్చు, రెండో రకానికి రెండు వారాల దాకా, మూడో రకానికి రెండు నుంచి నాలుగు వారాలు. అప్పటిదాకా చేతిని పూర్తిగా పడుకోబెట్టకూడదు. వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజు నుంచే ఆడించాలి. నొప్పి కాస్త తగ్గగానే ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, భుజాలు వెనక్కి దిగలాగి పట్టడం. తర్వాత కదలిక పూర్తిగా వచ్చాక రబ్బరు బ్యాండుతో బలం పెంచడం. ఫిజియో దగ్గర కరెంటు, వేడి పెట్టించుకుని వచ్చేస్తే లాభం లేదు. రెక్క ఎముక చుట్టూ కండరాలకు వ్యాయామం చేయించే ఫిజియోను వెతుక్కోండి. తెగిన లిగమెంట్ లేని లోటు తీర్చేవి ఆ కండరాలే.

బండి విషయంలో జనం తొందరపడతారు. స్లింగ్‌తో నడపడం ఎలాగూ కుదరదు, తీసేశాక కూడా గుంతలో బండి ఎగిరినప్పుడు రెండు చేతులా హ్యాండిల్ గట్టిగా పట్టగలిగితేనే ఎక్కాలి. కూర్చుని చేసే పనికి మూడో రకంలోనూ ఒకటి రెండు వారాల్లో వెళ్లొచ్చు, బరువు పనికి రెండు మూడు నెలలు. జిమ్ముకు వెళ్లేవాళ్లు బెంచ్ ప్రెస్, డిప్స్, పుషప్స్ చివర్లో మొదలుపెట్టాలి, ఏసీ జాయింట్ మీద నేరుగా బరువు పడేది వాటితోనే. మీద పడే ఆటలకు మొదటి రకంలో రెండు మూడు వారాలు, మూడో రకంలో రెండు మూడు నెలలు. ఆపరేషన్ చేయించుకుంటే స్లింగే నాలుగు నుంచి ఆరు వారాలు, ఆటకు నాలుగు నుంచి ఆరు నెలలు. "ఆపరేషన్ అయితే త్వరగా తిరిగొస్తాం కదా" అనుకునేవాళ్లు ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఏళ్ల తర్వాత వచ్చే నొప్పి

చిన్న దెబ్బేనని అందరూ మరిచిపోయే మొదటి, రెండో రకాల్లోనే ఈ తంటా ఎక్కువగా కనిపిస్తుంది. ఎముకల చివర్లు ఇంకా ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి గనక అక్కడ అరుగుదల మొదలవుతుంది. ఆ వైపు తిరిగి పడుకుంటే నొప్పి, సీటు బెల్టు అందుకోవడానికి చెయ్యి అడ్డంగా చాపితే నొప్పి. ముందు మాత్రలు, బరువు వ్యాయామాల్లో మార్పు. తగ్గకపోతే కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్. దాంతో నొప్పి పోయిందంటే, అది కొన్నాళ్లకే అయినా, నొప్పి పుడుతున్నది ఆ కీలులోనే అని రుజువైనట్టు. మళ్లీ మళ్లీ వస్తుంటే కాలర్ బోన్ చివర కొద్దిగా, సెంటీమీటరుకు అటూ ఇటూగా, కోసి తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. కొరకాయిడ్ పట్టీలు గట్టిగా ఉన్నవాళ్లకే అది సరిపోతుంది. మూడో రకం పాత దెబ్బలో ఎముక చివర ఒక్కటీ కోసేస్తే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లకు కోతతోపాటు గ్రాఫ్టు కూడా వేస్తారా లేదా అని ముందే అడగాలి.